నాన్న కుడి కాలిని కాపాడిన సువర్ణకు

నిన్న పొద్దున డ్యూటీకి బయలుదేరుతుంటే సువర్ణ తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్క పోయిందన్నా. గుండెపోటు. దవాఖానకు తీస్కపోయేలోపే..."

"ఏ అక్క?" అన్నాను.

చెప్పడానికి సిగ్గుగా ఉంది. కానీ అలాగే అడిగాను.

ఆమెకు నలభై నాలుగేళ్లే.

తెలియనివాళ్ల కోసం. డాక్టర్ సువర్ణ నా టెన్త్ క్లాస్‌మేట్. పోడియాట్రిస్ట్, అంటే పాదాల డాక్టర్. జహీరాబాద్‌లో క్లినిక్ పెట్టినప్పుడు మా బ్యాచ్ అంతా నవ్వింది. కాళ్లకు కూడా డాక్టరా అని అందరికన్నా ఎక్కువ నవ్వింది నేనే.

రాయికోడ్, మొగుడంపల్లి వైపు నుంచి వచ్చే రైతుల మట్టి కాళ్లను ఆమె ఒళ్లో పెట్టుకునేది. గోళ్లు మూలల్లో లోపలికి దిగకుండా నేరుగా కత్తిరించేది. ఆనెకాయలను బ్లేడుతో పొరలు పొరలుగా తీసేది. వేళ్ల సందుల్లో తడి లేకుండా తుడిచేది. చివరికి చెప్పులు కూడా తిప్పి చూసేది.

మూడేళ్ల క్రితం మా నాన్నను తీసుకెళ్లాను. ఆయనకు షుగర్. సువర్ణ ఆయన్ని కళ్లు మూసుకోమని, సన్నటి నైలాన్ దారంతో అరికాలిని తాకడం మొదలుపెట్టింది.

"తాకినప్పుడల్లా చెప్పు కాకా."

ఒక్కో కాలికి పది చోట్ల తాకింది. నాన్న నోరు విప్పలేదు.

కాసేపటికి ఆయనే అడిగాడు: "ఇంక షురూ చెయ్యలేదా బిడ్డా?"

షుగర్ వల్ల ఆయన పాదాలకు స్పర్శే పోయింది.

ఆమె నాన్న ఎడమ చెప్పు తిప్పి చూపించింది. అడుగు నుంచి మేకు పైకి పొడుచుకొచ్చి ఉంది. ఆ చెప్పుతోనే రెండు రోజులు అల్లం చేనులో తిరిగాడట. అరికాల్లో పుండు. ఆయనకు తెలియనే లేదు.

కట్టు కట్టి, నన్ను ఒక్కణ్ణే బయటికి పిలిచింది.

"అరే రవి, ఆరు వారాలు ఆ కాలు కింద మోపనియ్యకు. వారం వారం తీస్కరా. నొప్పి లేదు గదా అని ఊకుంటే కాలే పోతది."

నాన్న భయపడతాడని ఆ చివరి మాట నేను ఆయనకు చెప్పలేదు.

రెండు వారాలు తీసుకెళ్లాను. తర్వాత చెరకు కోత మొదలైంది. "నొప్పే లేదుర, చేన్లకు పోత" అన్నాడు నాన్న. పోనిచ్చాను.

సువర్ణ ఫోన్ చేసి, పుండు ఎట్లుందని అడిగింది. తగ్గిందన్నాను. కట్టు విప్పి చూడనే లేదు నేను.

వాసన వచ్చాక హైదరాబాద్ తీసుకెళ్లాం. మోకాలి కింద నుంచి ఎడమ కాలు తీసేశారు.

ఆమె ఫోన్ ఎత్తడం మానేశాను.

ఆమే ఇంటికి వచ్చింది. నన్ను ఒక్క మాట అనలేదు. "ఉన్న కాలు చూస్త కాకా" అంటూ నాన్న ముందు నేల మీద కూర్చుంది.

అప్పటి నుంచి ప్రతి నెలా వచ్చింది. స్కూటీ చప్పుడు వినగానే నేను వెనక తలుపు నుంచి జారుకునేవాణ్ణి.

పోయిన నెల గేటు దగ్గర దొరికిపోయాను.

"నన్ను జూసి ఎందుకు ఉరుకుతున్నవ్‌రా? నాకేం కోపం లేదు. జర కూసో, చాయ్ తాగుదం."

"డ్యూటీకి లేటైతున్నది" అన్నాను.

ఆ రోజు నాకు వీక్లీ ఆఫ్.

నిన్న సాయంత్రం నాన్నను ఆటోలో చివరి చూపుకు తీసుకెళ్లాను. కర్రల మీద నిలబడి ఆమె తల్లితో చెబుతున్నాడు: "బిడ్డ చెప్పినా నేనే ఇనలేదమ్మా. నా మొండితనానికే కాలు పోయింది. గయినా నన్ను ఇడిసిపెట్టలే."

మూడేళ్లుగా ఆయన తననే తిట్టుకుంటున్నాడు. పుండు తగ్గిందన్న నా అబద్ధం సువర్ణకు తెలుసు. నెలనెలా ఆయన కాలు పట్టుకుని కూర్చుంది కానీ, ఆ సంగతి ఆయనకు ఒక్కసారీ చెప్పలేదు.

నాన్నకు ఫోన్‌లో చదవడం రాదు. ఇది పోస్ట్ చేసి, ఆయన పక్కన కూర్చుని నేనే చదివి వినిపిస్తాను.

సువర్ణా, ఆ చాయ్ తాగాల్సింది. నన్ను క్షమించు.

అలసిపోయి ఉంటావు. ఇక హాయిగా నిద్రపో. నీ ఆత్మ చల్లగా ఉండాలి.