మస్తాన్బీ అడిగిన కిటికీ

ఉదయగిరిలో మా చెక్క గరిటెల షెడ్డులో మస్తాన్బీ పక్కన కూర్చుని పనిచేయడమంటే సగం కలలో ఉన్నట్టే. ఆకురాయితో గరిటె కాడను నున్నగా రుద్దుతూ, "రమణీ, ఇప్పుడు కొండ మీదకి మబ్బు దిగుంటాది. దాని మీద చెప్పుల్లేకుండా నడిస్తే ఎట్టుంటాదో!" అనేది. ఎండపొడలో చెక్కపొడి తేలుతుంటే నాకూ ఆ మబ్బులోనే ఉన్నట్టు ఉండేది. నిజానికి మా ఎదుట ఉన్నది సున్నం రాలిన గోడ. కిటికీ, కొండ రెండూ మా వీపుల వెనకే ఉండేవి.

"అయ్యా, మా పీటలు కిటికీ దిక్కు తిప్పండి. కండ్లు లాగినప్పుడు తలెత్తి కొండను చూసుకుంటాం," అని ఆమె యజమాని వెంకటరమణయ్యను ఏళ్లుగా అడుగుతూనే ఉంది.

"చూద్దాంలే," అనేవాడాయన. ఆ 'లే'కి అర్థం మాకందరికీ తెలుసు. ఫ్యాను అడిగిన హీనాకూ, కొత్త రకం గరిటె చేసి చూపించిన తౌఫీక్‌కూ అదే జవాబు. ఇద్దరూ పని మానేశారు. వాళ్ల పీటలు ఖాళీగా పడి ఉన్నాయి.

మొన్న శనివారం సాయంత్రం మస్తాన్బీ తన ఆకురాయిని కొంగున ముడేసుకుంది.

"సోమవారం నుంచి ఆత్మకూరు పోతానయ్యా. అక్కడ బట్టలు కుట్టే పని దొరికింది."

వెంకటరమణయ్య కంగారుపడ్డాడు. "నువ్వూ పోతే ఎట్టమ్మా? జీతం పెంచుతా. ఇంకేం గావాల?"

"అడిగినాను గదయ్యా."

"ఏందది?"

నాకు ఒళ్లు మండిపోయింది. మస్తాన్బీ కళ్లు నిండాయి. చెక్క వాసన లేని చోట ఆమెకు ఒక్కరోజు కూడా గడవదని నాకు తెలుసు.

"కిటికీ, అయ్యా! కిటికీ!" అని నేనే అరిచాను.

"చూద్దాం..." అన్నాడు అలవాటుగా. 'లే' నోట్లోనే ఆగిపోయింది. ఖాళీ పీటల వైపు చూశాడు. మస్తాన్బీ పీటను కిటికీ దగ్గరికి లాక్కుని, మోకాళ్లు పట్టుకుంటూ దాని మీద కూర్చున్నాడు.

"ఏందమ్మా ఇక్కడ కనపడేది? చూపించు, చూద్దాం."

ఆమె వెళ్లి, కొంగుముడి విప్పి, ఆకురాయిని కిటికీ గట్టు మీద పెట్టింది.

"అదో, ఆ మబ్బు ఎనకాల కోటగోడ ఉండాదయ్యా. ఇక్కడే కూర్చోని ఉంటే కనపడతాది."