నినాదం లేకుంటే నీళ్లు లేవు

2009 జూన్‌లో నాకు పదోన్నతి వచ్చింది. అప్పటిదాకా సిరిసిల్లలో పి.ఇ.టి.గా, అంటే బడిపిల్లలను వరుసల్లో నిలబెట్టి ఆటలాడించే వ్యాయామ ఉపాధ్యాయురాలిగా ఉన్నాను. ఇప్పుడు పి.డి.ని, అంటే ఫిజికల్ డైరెక్టర్‌ను చేసి కోరుట్లలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు వేశారు. హోదాలో డైరెక్టర్ అన్న మాట ఉంది కదా అని మా బంధువులు తెగ మురిసిపోయారు. తీరా చేరి చూస్తే ఒక ఈల, గాలి నిలవని రెండు బంతులు, సగానికి పైగా తుమ్మచెట్లు మొలిచిన మైదానం ఉన్నాయి. నేను డైరెక్ట్ చేయాల్సింది వాటినే.

ఆటలన్నిట్లో నాకు ఇష్టమైనది దూరపు పరుగు. వంద మీటర్ల పరుగుకు పుట్టుకతో వచ్చే చురుకు కావాలి. మారథాన్ అలా కాదు. నలభై రెండు కిలోమీటర్ల పైచిలుకు దూరాన్ని ఓర్పుగా, కొద్దికొద్దిగా ఒంటికి అలవాటు చేయాలి. మొండిగా పట్టుబట్టి పని చేయించేవాళ్లకు ఇది సరిపోయే విద్య. నేను ఎంత మొండిదాన్నో మా ఆయనను అడిగితే చెబుతారు.

స్వరూపను మొదటిసారి బీడీ కార్ఖానా దారిలో చూశాను. చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి ఆలస్యమైతే తిప్పి పంపుతారని, నెత్తిన చాట పెట్టుకుని పరుగు తీస్తోంది. చీర కుచ్చిళ్లు నడుముకు దోపుకుంది. నేను చూసింది ఆమె అడుగును. పాదం సరిగ్గా ఒంటి కిందనే పడుతోంది. భుజాలు ఊగడం లేదు. నెత్తి మీద చాట కదలడం లేదు. పిల్లలకు ఏళ్ల తరబడి అరిచి నేర్పినా రాని నడక అది. ఆగమంటే ఆగలేదు. నన్ను కార్ఖానా వాళ్లు పంపిన మనిషిననుకుని ఇంకా జోరుగా ఉరికింది. ఆ జోరు చూశాక ఇక నేను వదులుతానా.

ఆమె భర్త దుబాయిలో తాపీ పని చేసేవాడు. ఇంట్లో అత్త రాజవ్వ ఉండేది. బీడీ ఆకు కత్తిరించీ కత్తిరించీ రాజవ్వ వేళ్లు వంకర పోయాయి. కోడలికి శిక్షణ ఇస్తానని అడగడానికి వెళితే, ఉరికితే ఏమొస్తుందని అడిగింది. ఉన్నమాటే చెప్పాను. విశాఖలో సముద్రం ఒడ్డున, గుట్టల మీదుగా సాగే ఒక మారథాన్ ఉంది. అందులో ఆడవాళ్లలో మొదటి ముగ్గురిని ఒక ప్రభుత్వరంగ సంస్థ తన అథ్లెటిక్స్ జట్టు ఎంపికకు పిలుస్తోంది. ఎంపికైతే ఉద్యోగం. కాకపోతే స్వరూప వయసుకు మరుసటి ఏడు దరఖాస్తు చెల్లదు. ఉన్నది ఈ ఒక్క పరుగే. రాజవ్వ తన వేళ్ల వంక ఒకసారి చూసుకుని, అయితే ఉరకనీ అంది.

ఆ ఏడాది చివర్లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం రాజుకుంది. బడులు మూతపడ్డాయి, బస్సులు డిపోలు దాటలేదు. కోరుట్ల నుంచి జగిత్యాల దాకా రోడ్డు బోసిపోయింది. మిగతా ఊరికి అది ఇబ్బంది. మాకు మాత్రం లారీలు లేని అంత రోడ్డు జన్మలో దొరకదు. వంద మందికి సరిపడా రోడ్డును స్వరూప ఒక్కతే ఏలింది. సిరిసిల్లలో సాంచలు, అంటే మరమగ్గాలు నడిపే మల్లేశం కూడా ఆదివారాలు వచ్చి ఆమెతో కలిసేవాడు. నేను అక్కడ పనిచేసిన రోజుల నుంచి తెలిసినవాడు. పన్నెండు గంటలు నిలబడి పనిచేసే మనిషికి పరుగే విశ్రాంతి అనేవాడు. బహుమతుల మీద అతనికి ఆశ లేదు.

దూరపు పరుగులో అసలు కష్టం నీళ్లు. దాహం వేశాక తాగితే అప్పటికే ఆలస్యమైనట్టు. కొంత దూరానికొకసారి, దాహం ఉన్నా లేకపోయినా, కొద్దిగా తాగాలి. పెద్ద జట్ల వెనక నీళ్ల సీసాలతో బండి నడుస్తుంది. నాకు ఉన్నది స్కూటీ. బంద్ రోజుల్లో దానికి పెట్రోలు కూడా దొరకలేదు. అప్పుడే నాకొక ఉపాయం తట్టింది. రోడ్డు పొడవునా ఊరూరా రిలే నిరాహార దీక్షల డేరాలు వెలిశాయి. ప్రతి డేరాలోనూ ఒక కడవ, గ్లాసు, పదిమంది మనుషులు. దూరాలు చూసుకుంటే మా లెక్కకు ఇంచుమించు సరిపోయాయి. డేరాలనే మా నీళ్ల కేంద్రాలుగా ఖాయం చేశాను. ఈ తెలివికి నన్ను నేనే మెచ్చుకున్నాను.

అయితే డేరాకు ఒక పద్ధతి ఉంది. ఎవరు దాటినా ఆగి, పిడికిలెత్తి జై తెలంగాణ అనాలి. అన్న తర్వాతే గ్లాసు చేతికొస్తుంది. మొదటి డేరాలో కడవ దగ్గర కూర్చునేది మరెవరో కాదు, రాజవ్వే. కోడలైనా సరే, ఊరికే ఇవ్వదు. పరుగులో ఊపిరి పాడవుతుందని, కోడలికైనా మినహాయింపు ఇవ్వమని నేను బతిమాలాను.

“గీ డేరల నీళ్లు ఉట్టిగ రావు మేడం,” అంది రాజవ్వ. “నినాదం లేకుంటే నీళ్లు లేవు. నా కోడలికొకటి, ఊరోళ్లకొకటి పెడ్తనా?”

అదే న్యాయం మేడిపల్లి దాకా, ఆ పైన జగిత్యాల దాకా అన్ని డేరాల్లోనూ నడిచింది. నేనూ ఊరుకున్నాను. డేరా కనబడగానే స్వరూప అడుగు కొంచెం తగ్గేది, పిడికిలి లేచేది, మాట వచ్చేది, ఆ మాట వెనకే నీళ్లు గొంతులోకి దిగేవి, అడుగు మళ్లీ అందుకునేది. చూడముచ్చటగా ఉండేది. గుట్టల కోసం కొండగట్టు ఘాట్ రోడ్డు ఎక్కించాను. అక్కడ కూడా కింద డేరాలో పద్ధతి తీర్చుకునే పైకి బయలుదేరేది.

శివరాత్రి దాటాక ప్రయాణం. జగిత్యాలలో మా పరుగు బృందానికి పెద్ద ఒక రిటైర్డు తహసీల్దారు. ఉద్యోగం పోయినా ఉత్తర్వులు జారీ చేసే అలవాటు పోలేదు ఆయనకు. మమ్మల్ని రైలెక్కించే ముందు నిలబెట్టి, అక్కడ కూడా రాష్ట్రం విడిపోకూడదంటూ మనకు ఎదురు నినాదంతో శిబిరాలు నడుస్తున్నాయని, మన నినాదం ఎవరి నోటా రాకూడదని, చొక్కాల మీద అక్షరం ఉండకూడదని ఆజ్ఞాపించారు. మాట సబబైనదే. ఆడపిల్లను వెంటబెట్టుకుని పరాయి ఊరికి పోతున్నాం. నేనూ స్వరూపతో అదే గట్టిగా చెప్పాను. మాతో పాటు పరుగుకు వస్తున్న మల్లేశం తను నేసిన తెల్లగుడ్డతో కుట్టించిన బనీన్లు తెచ్చాడు. మా వృత్తిలో అందరికీ తెలిసిన నియమం ఒకటుంది: పోటీ రోజు కొత్తది ఏదీ చేయకూడదు. కొత్త బూట్లు, కొత్త తిండి, కొత్త బట్ట, ఏవీ కూడదు. అందుకే ఆ బనీన్లు కూడా ముందు వారమే వేయించి, ఉతికించి, చంకల కింద ఒరుసుకోవడం లేదని చూసుకున్నాను.

స్వరూప సముద్రం చూడటం అదే మొదలు. కాసేపు చూసి, ఇన్ని నీళ్లుండి తాగరావా అని అడిగింది. మల్లేశం ఒంటి మీది బనీను తడిమి చూసి గాలే తడిగా ఉందన్నాడు. నిజమే. మా దగ్గర చెమట పట్టిన వెంటనే ఆరిపోయి ఒళ్లు చల్లబడుతుంది. సముద్రపు గాలిలో చెమట ఆరదు, కారుతూనే ఉంటుంది. కాబట్టి ఇంకా ఎక్కువ తాగాలని ఇద్దరికీ చెప్పాను. ఇద్దరూ తలూపారు.

నియమాల ప్రకారం పరుగు తీసేవాళ్లు నిర్వాహకులు పెట్టిన బల్లల దగ్గరే నీళ్లు తీసుకోవాలి. శిక్షకులు రోడ్డు పక్కన నిలబడి మాట చెప్పవచ్చు గాని చేతికి ఏమీ ఇవ్వకూడదు. ఇస్తే తీసుకున్నవాళ్లను పోటీ నుంచి తప్పిస్తారు. పరుగు కోసం దారి మూసేలోపే నేను ఆటోలో భీమిలి వైపు పెద్ద ఎత్తు ఎక్కి, పైన నిలబడ్డాను. అక్కడ నీడ ఒక్కచోటే ఉంది. అది ఎదుటివాళ్ల దీక్షా శిబిరం. నిర్వాహకులు వాళ్లను అడిగి సగం డేరా తీసుకుని అందులోనే నీళ్ల బల్ల వేశారు. దీక్షలో ఉన్నవాళ్లే గ్లాసులు నింపుతున్నారు. వాళ్లలో అప్పలమ్మ అని చేపలమ్ముకునే పెద్దావిడ నాకు కూర్చోవడానికి తన స్టూలు ఇచ్చింది. ఎక్కడి నుంచి వచ్చామని అడిగితే, తహసీల్దారు గారి ఉత్తర్వు గుర్తొచ్చి, దూరం నుంచి అని చెప్పాను.

ఆడవాళ్లలో మొదటి ఇద్దరు దాటిపోయారు. మూడో మనిషి స్వరూప కాదు. స్వరూప నాలుగో మనిషిగా ఎత్తు ఎక్కుతూ కనబడింది. అది నేను కార్ఖానా దారిలో చూసిన అడుగు కాదు. పాదం ముందుకు పడి చప్పుడు చేస్తోంది. భుజాలు ఊగుతున్నాయి. పెదవులు పగిలి, చెంపల మీద ఉప్పు తెల్లగా కట్టింది. డేరా కనబడగానే అలవాటుగా అడుగు తగ్గించింది. పిడికిలి సగం లేచి దిగిపోయింది. బల్ల మీది గ్లాసుల వంక చూసి, మనది కాని ఇంటి ముందు నిలబడ్డ మనిషిలా తడబడి, ముందుకే పోబోయింది.

నీళ్లు తాగావా అని కేక వేశాను. ఆగింది.

“తాగలే మేడం. ఒక్క కాడ గుడ తాగలే,” అంది, మాట పెగలక. “మీరే అనద్దంటిరి గద. అనకుంట నీళ్లెట్ల తీస్కోవాలె?”

సీసా నా చేతిలోనే ఉంది. ఇవ్వడానికి లేదు. ముందు తాగమని గద్దించాను. గ్లాసు తీసుకుని నోట్లో పోసుకుంది. గుటక పడలేదు, బయటికి వచ్చేసింది. అప్పటికి నాకు బోధపడింది. ఇన్ని నెలలూ ఆ గొంతు ఒక మాట తర్వాతే నీళ్లకు తెరుచుకుంది. ఆ మాటను మేము రైలెక్కే ముందే జగిత్యాలలో వదిలి వచ్చాం. చుట్టూ శిబిరం వాళ్లు. ఏమైనా అంటారేమో, కొడతారేమో కూడా. కానీ ఇంకొంచెం దూరం అలాగే పోతే ఈ పిల్ల రోడ్డు మీద పడిపోతుంది. రాజవ్వ వేళ్లు గుర్తొచ్చాయి.

“అను బిడ్డా,” అన్నాను. “అని తాగు.”

స్వరూప నన్ను చూసింది, వాళ్లను చూసింది. పిడికిలెత్తి జై తెలంగాణ అంది. గొంతు ఎండిపోయి చిన్నగానే వచ్చింది గాని డేరాలో వినబడని వాళ్లు లేరు. గ్లాసులు నింపే చేతులు ఆగిపోయాయి. ఒక కుర్రవాడు లేచి నిలబడ్డాడు. అప్పలమ్మ అతన్ని కూర్చోమన్నట్టు చెయ్యి ఊపి, గ్లాసు ముంచి స్వరూప నోటి దగ్గర పెట్టింది.

“అయిపోనాదా? ఇంద, తాగీసి ఎల్లు,” అంది. “ఆ మాట మనం రేపు సూసుకుందాం.”

గుటక పడింది. రెండో గ్లాసు స్వరూప తనే అందుకుంది. ఆమె అడుగు అందుకుని దిగువకు మళ్లేసరికి వెనక నుంచి శిబిరమంతా తమ నినాదం గట్టిగా అందుకుంది. కోపంతో కాదు, నవ్వులు కలిసిపోయి ఉన్నాయి అందులో. నేను స్టూలు మీద కూలబడి, ఎవరికీ కనబడకుండా కళ్లు తుడుచుకున్నాను. అప్పలమ్మకు కనబడింది. దూరమంటే ఇదా అని దెప్పింది.

మిగతా సంగతి మల్లేశం చెప్పాడు. డేరాలోని కుర్రవాళ్లు కింది బల్లల వాళ్లకు ఫోన్లు చేశారట. స్వరూప వస్తుంటే వాళ్లే గ్లాసు పట్టుకుని, ఏదీ అనండి అని ఎదురు చూశారట. ఆమె అనడం, వాళ్లు తమది అనడం, నీళ్లు చేతికివ్వడం. వెనక వస్తున్న మల్లేశాన్ని కూడా వదల్లేదు. తెల్ల బనీను చూసి ప్రతిచోటా అనిపించారు. అతను ముగింపు గీత దాటేసరికి కాళ్లు బాగానే ఉన్నాయి, గొంతే పోయింది.

ముగింపు గేటు కనబడే చోట స్వరూప ముందున్న అమ్మాయిని దాటి మూడో స్థానంలో వచ్చింది. ఎంపికలో నిలిచి, ఆ సంస్థలో చేరింది. ఇప్పుడు అక్కడే కొత్తవాళ్లకు పరుగు నేర్పుతోంది. రాజవ్వ బీడీలు చుట్టడం మానేసింది.

తిరిగొచ్చాక తహసీల్దారు గారు నినాదాలు ఏవైనా జరిగాయా అని నన్ను విచారించారు. వైద్య అవసరం మేరకు జరిగాయని చెప్పాను. రాజవ్వ మాత్రం అంతా విని ఒక్కటే అడిగింది. అక్కడామె నీళ్లు నినాదానికి ముందు ఇచ్చిందా, తర్వాతనా?

తర్వాతే అన్నాను.

“అయితే పద్ధతి తెల్సినామెనే,” అంది రాజవ్వ.

ఈ ఉదంతం వృత్తిపరంగా నాకు నేర్పింది చిన్న విషయమే. పోటీ రోజు కొత్తది ఏదీ చేయకూడదన్న నియమాన్ని మేము తు.చ. తప్పక పాటించామనుకున్నాం. బూట్లు చూసుకున్నాం, తిండి చూసుకున్నాం, బనీను కుట్లు కూడా చూసుకున్నాం. నోరు మూసుకుని పరుగెత్తడం స్వరూపకు కొత్త అన్న సంగతి మాత్రం ఎవరమూ చూసుకోలేదు.