కళింగర కాయకు ఏ గుండు?

ఆ రోజుల్లో ఫోన్లో డేటా కొత్తగా చవకైంది, దాంతోపాటు జ్ఞానం కూడా. ప్రొద్దుటూరులో బీఎస్సీ రెండో ఏడు తప్పి ఇంట్లో ఖాళీగా ఉన్న నేను, మూడు వారాలు మంచం దిగకుండా, అమెరికావాళ్లు కొయోటీ అనే నక్కలాంటి జంతువును ఏ తుపాకితో, ఏ గుండుతో కొట్టాలో చెప్పే వీడియోలన్నీ చూసేసినా. గుండు బరువెంత, గాలికి ఎంత పక్కకు పోతాది, తోలు చెడకుండా లోపల్నే ఎట్లా విచ్చుకోవాల, అన్నీ నోటికొచ్చు. (నిజం తుపాకిని మాత్రం పోలీసు భుజం మీద తప్ప చూసింది లేదు.)

మైలవరం దగ్గర మా మేనమామకు కళింగర తోట ఉండేది (పుచ్చకాయను మేం కళింగర అంటాం). నక్కలు దిగి, పండిన కాయల్నే ఏరి మరీ కొరుకుతాండాయి. శుక్రవారం వ్యాపారి తోట చూడను వస్తాడు. చెడిన కాయలు నాలుగు కనబడినా తోట మొత్తం వద్దంటాడు. మామకు ఆ ఏడంతా ఆ తోటే దిక్కు. "మామా, టూ ట్వంటీ త్రీ గుండు అయితే నక్క తోలు కూడా చెడదు" అంటి. "తోలు యావనికి కావాలప్పా? నా కాయలు చెడకుంటే సాలు" అనె మామ.

ఆ అమెరికా తుపాకి మనకు యాడ దొరుకుతాది? పులివెందులలో, తిరునాళ్లలో బుడగలు కాల్పించే ఆయన దగ్గర ఎయిర్ గన్ను అడుక్కొచ్చినా. దానికి గుండ్లు మూడు రకాలు: మొనది, చదునుది, గుండ్రంది. పరీక్ష పెట్టందే ఏది మంచిదో చెప్పలేనంటి. నక్క డొక్కకు సాటి వచ్చేది యాడుందా అని చూస్తే, కాళ్ల దగ్గరే ఉండాయి కళింగర కాయలు. గురువారం పొద్దున్నే, మామ మోటరు కాడికి పోయిన అదను చూసి, రకానికి ఐదు కాయల లెక్కన శాస్త్రోక్తంగా కొట్టి, బెజ్జంలో పుల్ల పెట్టి లోతు కొలిచినా. సద్ది తెచ్చిన అత్త కాయల పక్క ఒకసారి, నా పక్క ఒకసారి చూసె. "నక్క దినానికి రెండు తింటాది నాయనా. నువ్వు గంటకు పదైదు. ఇంగ తుపాకి యావని మీద ఎక్కుపెట్టాల?"

అత్త ఆ మాట అంటాండగానే వ్యాపారి ఒకరోజు ముందే బండి దిగె, వెనకాలే మామ. వ్యాపారి ఒక కాయ ఎత్తి బెజ్జం చూసె, ఇంకోటి చూసె. "పురుగు పట్టిందప్పా. ఈ తోట నాకొద్దు" అని బండి పక్క తిరిగె. మామ ఆయన వెనకాలే రెండడుగులు ఏసె. నోరు మూసుకుంటే సైన్సు చదివినోడన్న పేరన్నా మిగిలేది.

"పురుగు కాదన్నా, నేనే" అంటి. కొయోటీ కాడి నుంచి బుడగలాయన దాకా అంతా చెప్పేసినా. వ్యాపారి నమ్మక, కత్తి పెట్టి కాయ కోస్తే గుండు చేతిలో పడె. గట్టు మీద కూలబడి, కండ్లల్లో నీళ్లు కారేదాకా నవ్వె. తోట ఆ కొసన నాలుగు కాయలు కోసి చూసి, మామతో "రేపే లారీ పంపుతా. నక్కలు సరే, ముందు నీ అల్లుని కాడి నుంచి కాయలు కాపాడాల" అనె. బండెక్కినాక మళ్లా నా పక్క తిరిగి, "ఇంతకీ, యా గుండు బాగా దిగినాది?" అని అడిగె.

"మొనదన్నా. రెండున్నర అంగుళాలు" అంటి ఠక్కున, రొమ్ము విరుచుకుని.

ఇప్పుడు ఆఫీసులో నన్ను ఎవరేమడిగినా, తెలిసింది కూడా "ఫైలు చూసి చెప్తా" అంటా. ఆ పొద్దు ఠక్కున జవాబు చెప్పిన ఆ పిల్లోడు గుర్తొస్తే నవ్వొస్తాది. రవ్వంత కుళ్లు కూడా.