మాచేత రంగులు చెప్పించిన సార్

మొన్న సోమవారం పొద్దున మాదాపూర్‌లోని మా ఆఫీసులో, నెట్‌వర్క్ గదిలో పాత కేబుల్ ఒకటి మారుస్తున్నాను. ఫోన్‌లో మెసేజ్ వచ్చింది. ‘సార్ ఇక లేరు.’ మా ట్రైనింగ్ బ్యాచ్ గ్రూపులో స్వప్న పెట్టింది. చందానగర్ ఇన్‌స్టిట్యూట్ మానేశారేమో అనుకున్నాను. ‘అయ్యో, మరి ఎక్కడ చేరారట?’ అని జవాబు కూడా పెట్టాను. వెంటనే స్వప్న ఫోన్ చేసింది. ఏడుస్తోంది.

“చేరుడు కాదే... సార్ చనిపోయిండు. పొద్దుగాల వాకింగ్‌కు పోయి పార్కు గేటు కాడ కూలవడ్డడంట. దవాఖానకు తీస్కపోయేసరికే పానం పోయిందంట.”

“ఏ సార్?” అన్నాను. మా ఇద్దరికీ సార్ అంటే ఆయనొక్కరే. అయినా అడిగాను.

ముందురోజు సాయంత్రమే ఆయన నాతో మాట్లాడారు. “కొత్త బ్యాచ్‌ల ఆడపిల్లలు చేరిన్రు బిడ్డా. జర భయపడుతున్నరు. వచ్చే ఆదివారం వచ్చి నీ పని గురించి చెప్పిపో” అన్నారు. వస్తానన్నాను. ఆ గొంతు ఇంకా చెవిలోనే ఉంది. స్వప్న మాట మాత్రం లోపలికి దిగడం లేదు. ఫోన్ పెట్టేశాక, చేతిలో ఉన్న కేబుల్‌ని ఏం చేయాలో కాసేపు నాకు అర్థం కాలేదు.

డిగ్రీ అయ్యాక మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చి చందానగర్ హాస్టల్లో దిగాను. మార్కెట్ రోడ్డులో చెప్పుల షాపు పైన ఉండేది మా ఇన్‌స్టిట్యూట్. మొదటిరోజు సార్ ఒక నెట్‌వర్క్ కేబుల్ పైతొడుగు ఒలిచి, లోపలి ఎనిమిది సన్నని తీగలనూ విడదీశారు. అందులో ఒకటి పట్టుకుని నన్ను అడిగారు.

“ఇది ఏం రంగు బిడ్డా?”

“ఆకుపచ్చ సార్.”

“అవునా? నాకైతే నారింజకు, దీనికి తేడా తెలుస్తలేదు.”

అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు. “నవ్వుండ్రి, ఏం కాదు. గని యాది పెట్టుకోండ్రి. పచ్చ, నారింజ నా కండ్లకు ఒక్కతీర్గనే కొడతయి. చిన్నప్పటి సంది గంతే” అన్నారు.

మేం నేర్చుకోవడానికి వచ్చిందే ఆ రంగుల వరస. చెప్పాల్సిన మనిషికి ఆ రంగులే తెలియవట.

తర్వాత ఆయనే తన కథ చెప్పారు. హైటెక్ సిటీలో కొత్త ఆఫీసులు లేస్తున్న రోజుల్లో ఆయన కేబులింగ్ పనిలో ఉండేవారు. వెలుతురు సరిగా లేని ఒక అంతస్తులో పచ్చ తీగల చోట నారింజవి, నారింజ వాటి చోట పచ్చవి కలిపేశారు. ఎక్కడ పరీక్షించినా తప్పు చూపించింది. కళ్ల డాక్టర్ దగ్గరికి వెళితే గానీ కారణం తెలియలేదు. ఇంటికి వచ్చి, తన పని అయిపోయిందని భార్యతో అన్నారట. ఆమె, “కండ్లు పోలేదు కద. పని తెలుసు కద. పది మందికి చెప్పు” అన్నదట. ఆ మాట చెప్పేటప్పుడల్లా ఆయన కిటికీ వైపు తిరిగేవారు.

అందుకే ఆయన క్లాసులో రంగులన్నీ మేమే గట్టిగా చెప్పాలి. తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-పచ్చ, నీలం... ఒకరు చెబుతుంటే ఆయన కళ్లు మూసుకుని వినేవారు. “నువ్వు ఏం చెప్తే గదే నమ్ముత. చూసి చెప్పు” అనేవారు. నా మాటను ఒక పెద్దమనిషి అంత పూర్తిగా నమ్మడం నాకు అదే మొదలు. మా ఇంట్లో బస్సు టైము నేను చెప్పినా, మళ్లీ తమ్ముణ్ణి అడిగేవాళ్లు.

తీగల వరసకు రెండు పద్ధతులున్నాయి. ఏ అని ఒకటి, బీ అని ఒకటి. నీలం, గోధుమ జతలు రెండింటిలోనూ కదలవు. నారింజ జత, పచ్చ జత మాత్రం చోట్లు మార్చుకుంటాయి. సరిగ్గా సార్ కళ్లకు అందనివే ఆ రెండూ. “ఏ పెట్టు, బీ పెట్టు, లొల్లి లేదు. ఈ కొసకు ఏది పెట్టినవో ఆ కొసకు గదే పెట్టు” అని రోజూ చెప్పేవారు. క్లాసు అయ్యాక మాతోపాటు మార్కెట్లోకి వచ్చి, “ఈ టమాటలు పండినయా, కాయలా?” అని అడిగి కొనుక్కునేవారు. మేం ఎంచి సంచిలో వేసేవాళ్లం.

నా మొదటి పని మాదాపూర్‌లోనే ఒక ఆఫీసులో. బల్లల దగ్గర నెట్‌వర్క్ సాకెట్లన్నీ నేను బిగించాను. పరీక్ష పెడితే అంతస్తంతా తప్పు చూపించింది. సైట్ ఇన్‌చార్జి అందరి ముందు అరిచాడు. “గందుకే ఆడపిల్లను పెట్టకుండ్రి అన్న. రేపటి సంది రాకు” అన్నాడు. ఏడుపు ఆపుకుంటూ సార్‌కి ఫోన్ చేశాను. మధ్యాహ్నం క్లాసు వదిలి, ఆటోలో వచ్చేశారు.

వచ్చి ఇన్‌చార్జికి నమస్కారం పెట్టారు. “నాకు రంగులు కనవడవు సార్. మా బిడ్డ చూసి చెప్తది. జర విందాం” అన్నారు. అక్కడున్న వాళ్లంతా ఆయన వైపు తిరిగారు. ఆయన నేల మీద కూర్చుని కళ్లు మూసుకున్నారు. నేను సాకెట్ విప్పి ఒక్కో రంగూ చదివాను. మొదట మెల్లగా చదివాను. నాలుగో రంగు నుంచి క్లాసులోలా గట్టిగా చెప్పాను. కేబుల్ అవతలి కొసన, అన్ని కేబుళ్లూ చేరే ప్యానెల్ దగ్గర, ఇంకొకతను చదివాడు. నాది బీ. నాకంటే ముందు వచ్చిన వాళ్లు ప్యానెల్‌కి పెట్టింది ఏ.

“సరే, ప్యానెల్ మార్పిద్దాం” అన్నాడు ఇన్‌చార్జి. కాస్త ఆగి, “రేపు రామ్మా” అన్నాడు.

కింద చాయ్ తాగుతూ అడిగాను. “మీకు కనిపించదని అందరి ముందు ఎందుకు చెప్పారు సార్?”

“దాచిపెట్టినన్ని రోజులు పరేషానే బిడ్డా. చెప్పినంక ఫికర్ లేదు” అన్నారు. నాకోసమే చెప్పారని ఆయన అనలేదు. అయినా నాకు తెలుసు.

ఆ సోమవారమే ఆఫీసులో సెలవు చెప్పి, స్వప్నా నేనూ బాచుపల్లిలో సార్ వాళ్లింటికి వెళ్లాం. ముసురు పట్టి ఉంది. మెట్ల మీదంతా పాత విద్యార్థులే. హాల్లో సార్‌ని పడుకోబెట్టారు. నుదుటి మీద బొట్టు, మెడలో పూలదండ లేకపోతే నిద్రపోతున్నారనే అనుకుందును. కాళ్లు ముట్టుకున్నాను. చల్లగా ఉన్నాయి. అప్పటికి గానీ స్వప్న మాట నా లోపలికి దిగలేదు.

సార్ భార్య పక్కనే కూర్చుని ఉంది. ఏడవడం లేదు. నన్ను చూసి, “మాదాపూర్‌ల చేసే బిడ్డవు నువ్వేనా?” అని అడిగింది. తలూపాను. “చాయ్ తాగిపో అన్న. వచ్చినంక తాగుత అన్నడు. గంతే బిడ్డా. గంతే అని పోయిండు.”

ఆమెకు మంచినీళ్లు తేవడానికి లేచాను. వంటింటి వెనక బాల్కనీలో తీగ మీద బట్టలు ఆరేసి ఉన్నాయి. సార్ వాకింగ్‌కి వెళ్లాక ఆమె ఉతికి ఆరేసినట్టుంది. ఆయన చొక్కా ఇంకా ఆరలేదు. చేతుల అంచుల నుంచి నీటిచుక్కలు ఒక్కొక్కటే గచ్చు మీద పడుతున్నాయి.