మంచం పట్టని సందు

నా చిన్నప్పుడు మా తాతయ్య ఒకసారి నన్ను నులకమంచం మీద పడుకోబెట్టి నలుగురు మగవాళ్లతో మోయించాడు. నాకప్పుడు ఒంట్లో ఏ నలతా లేదు.

రాయచూరుకు ఎడ్లబండి మీద వెళ్లేంత దూరంలో ఉండేది మా ఊరు. మా చిన్నాయన, అంటే తాతయ్య చిన్నకొడుకు, ఊరి చివరి మెట్టచెలకను ఇళ్ల జాగాలుగా కోసి రైసుమిల్లు కూలీలకు అమ్మదలచి సున్నంతో గీతలు పోయించాడు. ముందు వరుస జాగాలు బండ్ల బాటను ఆనుకుని ఉన్నాయి. వెనక వరుసకు మనిషి నడిచేంత సందు వదిలాడు. అదీ మధ్యలో మలుపు తిరిగింది. పంచాయతీ పెద్ద మా తాతయ్యే. ఆయన సంతకం లేనిదే అక్కడ గోడ లేవదు.

తాతయ్య ఆ గీతల మీద గుంజలు పాతించి తాళ్లు కట్టించాడు. అవే గోడలనుకుని, తాడు తగలకుండా, జబ్బుమనిషిని మోసినట్టు నన్ను మంచంతో సహా వెనక వరుస నుంచి బాటకు తెమ్మన్నాడు. మలుపు దగ్గర మంచం ఇరుక్కుంది. ఎత్తారు, వంచారు. నేను జారి కిందపడ్డాను. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది పక్కింటి అక్క. పెళ్లయినప్పటి నుంచి అద్దె కొట్టంలో ఉంటున్న ఆమె, చిట్టచివరి జాగా తనకే కావాలని చెప్పి పెట్టుకుంది.

"ఏంది తాతా, మేము గీడ బతకనీకె వస్తుంటే నువ్వు గిప్పుడే మంచమెక్కిస్తున్నవ్!" అంది.

చిన్నాయనకు నవ్వు రాలేదు. "తొవ్వ ఎడల్పు జేస్తే రెండు జాగాలు పోతయి నాయినా. నా పిల్లల నోట్ల మన్ను గొడ్తవా?" అన్నాడు. ఆ రోజు నుంచి తండ్రితో మాట మానేశాడు. ఒకే ఇంట్లో వేరే పొయ్యి పెట్టుకున్నాడు. వారం చూసి తాతయ్య సంతకం పెట్టేశాడు.

రెండేళ్ల తర్వాత, వానాకాలంలో ఒక మధ్యాహ్నం, ఆ చిట్టచివరి జాగాలోనే ఇల్లు కట్టుకున్న అక్కకు కాన్పు కష్టమైంది. నెత్తురు ఆగడం లేదు, రాయచూరు ఆసుపత్రికి తీసుకుపొమ్మంది మంత్రసాని. బాట మీద బండి కట్టి ఉంది. సందంతా మోకాలి లోతు బురద. మోసుకొచ్చే దారి లేక ముందింటివాళ్ల రాతిగోడ పడగొట్టడం మొదలుపెట్టారు. గడ్డపార పట్టి అందరికంటే ముందు కొట్టింది ఆ ఇంటాయనే. గోడ కూలేసరికి బండితో పని లేకుండా పోయింది. మా చిన్నాయన ఆ రాళ్ల మధ్యే చతికిలబడ్డాడు.

ఆ సాయంత్రం తాతయ్య నా వైపు చూడకుండా అన్నాడు: "సూపెడితే సాలనుకున్న, బిడ్డా. ఆపేటోణ్ని నేనే ఉంటి. కొడుకు మొకం జూసి ఇడిసిన."

ఇప్పుడు రాయచూరు చుట్టూ పత్తిచేలల్లో ఇళ్ల సైట్ల హద్దులుగా రంగు రాళ్లు మొలుస్తున్నాయి. కొనేవాళ్లు గుమ్మం తూర్పుకా ఉత్తరానికా అని చూస్తారు, బాట ఎంతుందో చూడరు. సంతకం పెట్టాల్సిన మనిషి ఎవరైనా, ఎదురుగా ఎవరో ఒకరి కొడుకు నిలబడి ఉంటాడు. అటు వెళ్లినప్పుడల్లా నేను కనిపించినవాళ్లను ఆపి అక్క సంగతి చెబుతాను. వింటారు, అయ్యో అంటారు, సైటు ధర ఎంతుందని నన్నే అడుగుతారు. తాతయ్యకు కనీసం ఆపగలిగే రోజు ఒకటి ఉండేది. నాకున్నది చెప్పడం ఒక్కటే. అది చాలదని నాకు ఆ రోజు నుంచీ తెలుసు.