వడ్ల పెట్టెలో ఆవిరి స్నానం

ఆవిరి స్నానం చేస్తే ఒళ్ళు తేలికవుతుందంటారు. కావచ్చు. నేను జీవితంలో ఒక్కసారే చేశాను, అదీ ఆళ్ళగడ్డలో మా మేనమామ ఇంట్లో. తేలికైన సంగతి గుర్తు లేదు. బయటపడటానికి ఎంతసేపు పట్టిందో మాత్రం బాగా గుర్తుంది.

అప్పటికి ఆంధ్ర రాష్ట్రం కొత్త. నా బి.ఏ. కూడా కొత్తదే. నన్ను చదివించింది మామ. ఆయనకు కొడుకులు లేరు, వేరుశనగ చేలున్నాయి. చదువయ్యాక వాటిని నేను చూసుకుంటానని ఆయన నమ్మకం. నేను కాదనలేదు, అవుననీ అనలేదు. గుట్టుగా నంద్యాలలో సర్కారు గుమాస్తా పనికి అర్జీ పెట్టుకున్నాను.

శనక్కాయ పెరికే రోజుల్లో మామ చేనికి రమ్మన్నాడు. నడుము నొప్పి అన్నాను. నమ్మి ఊరుకుంటాడనుకున్నాను. ఆయన ఊరుకోలేదు.

ఆ ముందు నెలలోనే మామ తన మోకాళ్ళు చూపించుకోవడానికి నంద్యాలలో ఒక ప్రకృతి వైద్యుడి దగ్గరకు వెళ్ళాడు. అక్కడ ఆవిరి పెట్టె చూసి, అలాంటిదే ఇంట్లో చేయించాడు. చేసిన వడ్రంగి జన్మంతా వడ్ల పెట్టెలు చేసినవాడు. లోపల కూచోవడానికి పీట, పైన తల పట్టేంత కంత, ముందు తలుపు, అన్నీ చక్కగా కుదిర్చాడు. గొళ్ళెం మాత్రం బయట పెట్టాడు. వడ్లు తమంతట తాము బయటికి రావు గదా. ఆ పెట్టెలో ఇంట్లో ఎవరూ కూచోలేదు. మామకు మంచి తిథి కుదరలేదు. అత్తకు పనులున్నాయి. నడుము నొప్పితో నేను దొరికాను.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. అంతకు మూడు రోజుల ముందే నాకు సర్కారు కవరు వచ్చింది. దాని మూతికి ఎందుకో సంగటి అంటుకుని ఉంది. తపాలా వాళ్ళు కూడా భోంచేస్తారు గదా అనుకున్నాను. ఫలానా రోజు మధ్యాహ్నంలోగా చేరకపోతే పని ఇంకొకరికి పోతుందని లోపల ఇంగ్లీషులో ఉంది. ఆ రోజు వచ్చేసింది గానీ, మామకు చెప్పే నోరు నాకు రాలేదు. పది గంటల బస్సుకు చెప్పకుండా వెళ్ళి, నంద్యాల నుంచి జాబు రాద్దామనుకున్నాను. ధైర్యవంతులు చేసే పని కాదు, ఒప్పుకుంటాను.

ఎనిమిదిన్నరకు మామ పిలిచాడు.

“రా అల్లుడా, ఎసరు మరుగుతాండాది.”

“ఇప్పుడెందుకు మామా, సాయంత్రం కూచుంటాలే.”

“నొప్పి ఇప్పుడుంటే సాయంత్రం ఏందిరా? కూచో.”

చొక్కా విప్పి కొయ్యకు తగిలించాను. కవరు దాని జేబులోనే ఉంది. గోచీతో పెట్టెలో కూచున్నాను. మామ గొళ్ళెం వేసి, కంతలో నా మెడ చుట్టూ తువ్వాలు కుక్కాడు. పక్కన పొయ్యి మీద వావిలాకు వేసిన కుండ. దాని మూతి నుంచి పెట్టెలోకి వెదురు గొట్టం.

కాసేపటికి ముక్కు కొనన ఒక చెమట చుక్క నిలిచింది. ముక్కు బయట, చేతులు లోపల. చుక్క దానికి తోచినప్పుడు రాలేదాకా నేను చేయగలిగిందేమీ లేదు. అది రాలాక ఇంకొకటి వచ్చింది.

అప్పుడు చూశాను. కొయ్య సరిగ్గా కుండకు పైనే ఉంది. గొట్టం అతుకు సందులోంచి ఆవిరి లేచి నేరుగా నా చొక్కాకు తగులుతోంది. నాతో పాటు ఉద్యోగం కూడా ఉడుకుతోంది.

అత్త నా నెత్తిన తడిగుడ్డ వేయడానికి వచ్చింది.

“అత్తా, ఆ చొక్కా రవ్వంత పక్కకు తగిలిచ్చు.”

అత్త చొక్కాను చూసి, మామను చూసింది.

“దానికీ ఆవిరి పట్టనీ” అన్నాడు మామ. “కడుపులో ఏమన్నా పెట్టుకోనుంటే కక్కుతాది.”

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకొని లోపలికి పోయింది.

గోడ గడియారం తొమ్మిది కొట్టింది. మామ నా ఎదుట మంచం వాల్చుకొని కూచున్నాడు.

“వాగు పక్క చేను ఈ తూరి బాగ కాసినాది. అది నువ్వే చూసుకోవల్ల. ఏమంటావు?”

తల తిప్పుకుందామంటే తువ్వాలు తిప్పనివ్వదు. మామ ముఖం, దాని వెనక గడియారం, ఆ పక్కన చొక్కా. ప్రపంచంలో నాకు మిగిలినవి అవే. చొక్కా జేబు మీద నీలం మచ్చ ఒకటి మెల్లగా పెద్దదవుతోంది. ఆఫీసరు సంతకం అనుకుంటాను. గడియారం పావు తక్కువ పది చూపించింది.

“గొళ్ళెం తీయి మామా. చాలు.”

“వైద్యుడు అరగంట అన్న్యాడు.”

“అరగంట ఎప్పుడో అయిపోయింది గదా!”

“అది మామూలు నొప్పికి. చెప్పుకోలేని నొప్పికి ఇంగా సేపు పడతాది.”

తప్పు ఒప్పుకునేటప్పుడు మనిషి లేచి నిలబడాలి, చేతులు కట్టుకోవాలి, తల దించుకోవాలి. నాకు ఈ మూడూ కుదరలేదు. ఉన్న తలతోనే చెప్పేశాను.

“మామా, జేబులో కాగితం ఉండాది. నంద్యాలలో పని వచ్చినాది. ఈ పొద్దు మధ్యాహ్నం లోపల చేరల్ల.”

మామ లేచి, కవరు తీసి, కాగితాన్ని ఎండలో అరుగు మీద పరిచి మీద రాయి పెట్టాడు. తిరిగి వచ్చి కూచున్నాడు.

“పోవల్లని ఉండాదా?”

“ఉండాది.”

“మరి చేను?”

“చేను పని నాకు రాదు మామా.”

“అది నాకు తెల్దా? శనక్కాయలు కొమ్మలకు వెదికినోనివి. మూడు దినాల నుంచి చూస్తాండా, ఎప్పుడు చెప్తావా అని. కవరు ఇప్పింది నేను, చదివింది బడి అయ్యవారు, మళ్ళా అంటిచ్చింది మీ అత్త.”

సంగటి సంగతి అప్పుడు తెలిసింది.

గొళ్ళెం తీశాడు. బయటికి రాగానే నెత్తిన రెండు బిందెల చన్నీళ్ళు కుమ్మరించాడు. గడియారం పది దాటింది.

“మామా, బస్సు!”

“యాడికి పోతాది? పొద్దున్నే జీతగాన్ని పంపి నీ సీటు మీద నా తువ్వాలు ఏపిచ్చినా.”

ఆళ్ళగడ్డలో మా మామ తువ్వాలు సీటు మీద ఉంటే, దాని మీద కూచునే మనిషి వచ్చేదాకా బస్సు కదలదు. గంటన్నర నేను గడియారం చూసి ఉడికింది ఉత్తదే. ఆరిన కాగితం పట్టుకొని తడి చొక్కాతో వెళ్ళేసరికి జనమంతా కిటికీల్లోంచి తలలు మాత్రం బయట పెట్టి, చెమటలు కార్చుకుంటూ నా కోసం చూస్తున్నారు. వాళ్ళ కష్టం నాకు బాగా అర్థమైంది.

మామ కిటికీ దగ్గరకు వచ్చాడు.

“నడుము ఎట్లుండాది?”

“పోయింది మామా.”

“లేంది ఎట్ల పోతాదిరా?”

బస్సు కదిలింది. మామ ఇంటి వైపు తిరిగి, మోకాలి మీద చెయ్యి పెట్టుకొని, మెల్లగా నడిచాడు. ఆయనది మాత్రం నిజం నొప్పే.