మోవా ఫాటక్ అవతలికి బస్సు

మా అమ్మ రాయ్‌పూర్ నగర్ నిగమ్‌లో పార్షద్ అయిందంటే మా బంధువులు చాలాకాలం నమ్మలేదు. గుంటూరు నుంచి వచ్చిన మేనత్త, "పార్షద్ అంటే ఏంటే? పాస్టరమ్మ లాంటిదా?" అని నన్నడిగింది.

"కాదత్తయ్యా, మనవైపు మున్సిపల్ కౌన్సిలర్ అంటారు చూడు, అదే."

"మీ అమ్మా? ఆ హిందీవాళ్ళ మధ్యనా?" అని ఆవిడ నోరు తెరిచింది.

ఆవిడ ఆశ్చర్యపోవడంలో తప్పులేదు. అమ్మ పెళ్ళయి ఈ ఊరొచ్చేనాటికి ఆమెకు హిందీ ఒక్క ముక్క రాదు. ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేరి, రోగుల దగ్గరే నేర్చుకుంది. అందుకే ఆమె హిందీలో సగం "నోరు తెరువు", "గట్టిగా ఊపిరి పీల్చు", "భయపడకు" అనే మాటలే ఉండేవి. మిగతా సగం ఆయాల దగ్గర పట్టుకున్న ఛత్తీస్‌గఢీ. చదవడం మాత్రం సరిగ్గా రాలేదు. హిందీ అక్షరాలను వేలు పెట్టి కూడబలుక్కుని చదివేది.

నాన్న రైల్వేలో గూడ్స్ గార్డు. ఆయన రిటైరయ్యేదాకా రైల్వే కాలనీ క్వార్టర్‌లోనే ఉన్నాం. తర్వాత మోవాలో, ఫాటక్ అనే రైల్వే గేటు దాటాక, రెండు గదుల ఇల్లు కట్టుకున్నాం. మా తాహతుకు అందిన స్థలం అక్కడే ఉంది. ఆ రోజుల్లో ఫాటక్ అవతల ఇళ్ళు తక్కువ, పొలాలు ఎక్కువ. అయినా మాకు కొరత అనిపించలేదు, ఎందుకంటే మా గల్లీ చివరిదాకా బస్సు వచ్చేది. ఒక ప్రైవేటు యజమాని నడిపే మినీబస్సు. స్టేషన్ నుంచి బయల్దేరి, పెద్దాసుపత్రి మీదుగా, ఫాటక్ దాటి వచ్చి, మా గల్లీ ముందు మలుపు తిరిగేది. మొదటి ట్రిప్పు పొద్దున ఆరింటికి. అందులో ఎక్కేది దాదాపు అందరూ ఆడవాళ్ళే. ఆసుపత్రుల్లో ఆయాలు, ఇళ్ళు కట్టేచోట ఇటుకలు మోసే రేజాలు, కూరగాయల గంపలతో పక్క ఊళ్ళ నుంచి నడిచొచ్చినవాళ్ళు. అమ్మ కూడా మార్నింగ్ డ్యూటీ ఉన్నరోజు ఆ బస్సులోనే వెళ్ళేది.

అమ్మ రిటైరైన ఏడాది ఆ బస్సు ఫాటక్ దాటి రావడం మానేసింది. ఊరివైపే మలుపు తిరిగి వెళ్ళిపోయేది. ఆరింటి ట్రిప్పు పూర్తిగా ఎత్తేశారు. మొదటి బస్సు ఇక తొమ్మిదింటికే.

మా ఇంటికి రెండిళ్ళ అవతల ఒక ఛత్తీస్‌గఢీ ఆమె ఉండేది. భర్త పోయాడు, ఇద్దరాడపిల్లలు. ఊళ్ళో ఒక నర్సింగ్ హోంలో ఆయా. బస్సు పోయాక ఆమె చీకటితో లేచి ఊళ్ళోకి నడిచివెళ్ళేది. వానాకాలం వచ్చింది. ఫాటక్ దగ్గర నీళ్ళు నిలిచి, మూడు రోజులు వరసగా ఆలస్యమైంది. నాలుగో రోజు రావద్దన్నారు. ఆ మధ్యాహ్నం మా గుమ్మం ముందుకొచ్చి నిలబడింది. అమ్మ బెండకాయలు తరుగుతోంది.

"సిస్టర్ దీదీ, మోర్ కామ్ ఛూట్ గే," అంది. నా పని పోయింది అని.

ఏడవలేదు. ఇంకెవరికో జరిగినట్టు చెప్పింది. అమ్మ కత్తిపీట పక్కన పెట్టి, ఆమెకు టీ పెట్టిచ్చి, సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని బస్సు యజమాని ఇంటికి వెళ్ళింది.

దారి పొడుగునా ఆయన్ని ఎలా దులిపెయ్యాలో చెబుతూనే ఉంది. తీరా వెళితే ఆయన గంజి పెట్టిన బట్టల పెద్దమనిషి కాదు. చేతులకు నూనె మరకలతో, వాకిట్లో బస్సు కింద నుంచి పాక్కుంటూ బయటికొచ్చాడు.

"బహన్‌జీ, కూర్చోండి. నామీద కోపంగా ఉందని తెలుసు," అన్నాడు హిందీలో. "పొద్దున ఆరింటికి మీ ఫాటక్ దగ్గర గూడ్స్ బండి కోసం అరగంట ఆగాలి. మీ వైపునుంచి బస్సు నిండదు, ఊళ్ళోంచి మీ వైపు వచ్చేటప్పుడు పూర్తిగా ఖాళీ. డీజిల్ ఖర్చు కూడా రాదు. ఊళ్ళో తిప్పి సంపాదించింది మీ గల్లీలో పోసి వస్తున్నాను. ఎన్నాళ్ళు పొయ్యను, మీరే చెప్పండి."

అమ్మ నన్ను తీసుకుని తిరుగు ముఖం పట్టింది. ఫాటక్ దగ్గర ఆగి, "ఆయన చెప్పింది అబద్ధం కాదే," అంది. "ఆయన దొంగైతే పోట్లాడేదాన్ని. ఇప్పుడెవరితో పోట్లాడాలి?"

ఇంట్లో నాన్న మాత్రం గూడ్స్ బండిని అన్నందుకు నొచ్చుకున్నారు. "ఒక మినీబస్సు కోసం బొగ్గు బండి ఆగుతుందా? సిగ్నల్ అంటే ఏమనుకున్నాడు వాడు?" అని ఆ వారమంతా గొణుగుతూనే ఉన్నారు.

నిగమ్ ఎన్నికలొచ్చినప్పుడు మా వార్డు ఆడవాళ్ళకు కేటాయించారు. పార్టీల వాళ్ళు తమ తమ భార్యల్ని నిలబెట్టే పనిలో ఉండగా, మా గల్లీవాళ్ళు మా ఇంటికొచ్చారు. వాళ్ళలో అమ్మ చేత సూది వేయించుకోనివాళ్ళు లేరు. అమ్మ మొదట ఒప్పుకోలేదు. "నాకు చదవడమే రాదు, అక్కడ కూర్చుని ఏం చేస్తాను?" అంది.

పని పోయిన ఆయా వెనక వరసలోంచి, "బస్ లాబే, దీదీ," అంది. బస్సు తీసుకురా అని.

అమ్మ గెలిచింది. ఆ రోజు నాన్న తన పాత యూనిఫాం కోటు ఇస్త్రీ చేయించి వేసుకున్నారు. అందరికీ ఆయనే టీ అందించారు.

నిగమ్‌లో మొదటి ఏడాది అమ్మ ఆఖరి వరసలో కూర్చుని వినడమే తప్ప నోరెత్తలేదు. ఇంటికొచ్చి నాకన్నీ చెప్పేది. ఒకరోజు భోజనం చేస్తుండగా, "అనుదాన్ అని ఒకటుందటే," అంది. "ఫలానా పనికి నష్టమొచ్చినా ఊరికి అది కావాలనుకుంటే నిగమ్ తన బడ్జెట్‌లోంచి కొంత ఇవ్వొచ్చట. ఒక సంగీత సభకిచ్చారు, కుస్తీ పోటీలకిచ్చారు. బస్సుకెందుకివ్వరు?"

మరుసటి సోమవారం నుంచి పొద్దున అయిదున్నరకల్లా మేమిద్దరం ఫాటక్ దగ్గర నిలబడ్డాం. అప్పుడు నేను ఎం.ఎ. చదువుతున్నాను. అమ్మ ఆపి అడిగేది, నేను నోటుబుక్కులో రాసేదాన్ని. ఎక్కడికెళ్తున్నావు, ఎప్పటికి చేరాలి, బస్సుంటే ఎక్కుతావా? మొదటిరోజు కొందరు భయపడి చెప్పలేదు. మూడోరోజుకు వాళ్ళే వచ్చి పేర్లు రాయించుకున్నారు. ఒక ముసలామె కొత్తిమీర గంప దించి, "నాది పెద్ద అక్షరాల్లో రాయి," అని పక్కనే నిలబడి చూసింది. వారం తిరిగేసరికి నోటుబుక్కు నిండింది.

బడ్జెట్ సమావేశం రోజు నేను సందర్శకుల బెంచీ మీద కూర్చున్నాను. పని పోయిన ఆయా కూడా నాతో వచ్చింది. అమ్మ తెల్లచీర కట్టుకుంది, డ్యూటీకి వెళుతున్నట్టు. తన వంతు రాగానే లేచి, చేతిలో కాగితం చూస్తూ హిందీలో చదవడం మొదలుపెట్టింది.

నాలుగు వాక్యాలు చదివిందో లేదో, ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దాయన వెనక్కి వంగి ఆ కాగితం వైపు చూశాడు. నాలుగుసార్లు పార్షద్‌గా గెలిచిన మనిషి ఆయన. "అధ్యక్షజీ, ఈవిడ ఏం చదువుతున్నారో చూడండి! కాగితం నిండా జిలేబీలున్నాయి," అన్నాడు.

సభంతా నవ్వింది. అమ్మ తన హిందీ ప్రసంగాన్ని తెలుగు లిపిలో రాసుకుంది. నాకు చెవులు వేడెక్కాయి. లేచి బయటికి వెళ్ళిపోదామా అనిపించింది.

అమ్మ నవ్వులన్నీ ఆగేదాకా నిలబడింది. ఆసుపత్రి వార్డులో అల్లరి తగ్గేదాకా డాక్టరు పక్కన అలాగే నిలబడేదేమో. తర్వాత ఆయన వైపు తిరిగి, "అక్షరాలు నావి భాయ్‌సాహెబ్, మాటలు మీవే. ఇప్పటిదాకా చదివింది అర్థమైందా, కాలేదా?" అంది.

"అయింది," అన్నాడాయన.

"అయితే మిగతాది కూడా వినండి."

ఇక కాగితం చూడలేదు. "వీధి దీపానికి నిగమ్ ఖర్చు పెడుతోంది. దాని వెలుతురులో నడిచినవాణ్ణి టికెట్ అడుగుతున్నామా? మురికికాలువ తవ్వి లాభమెంతొచ్చిందని లెక్క అడుగుతున్నామా? మరి బస్సునే ఎందుకు లాభం అడుగుతున్నాం? మీ ఇళ్ళల్లో ఎవరికైనా జబ్బు చేసి ఆసుపత్రికి వెళితే, తెల్లారేసరికి పక్క మార్చేది, నేల తుడిచేది ఎవరు? ఆ మనిషి వేళకు రాకపోతే ఏమవుతుందో ముప్పై ఏళ్ళు చూశాను నేను. ఆ మనిషి మా ఫాటక్ అవతల ఉంటుంది."

ఇంకొకాయన లేచాడు. "నిగమ్ సొమ్ము ప్రైవేటు యజమాని జేబులో పోస్తామా? రేపు బస్సు నడపకుండానే నడిపానంటే ఎవరు చూస్తారు?"

"బస్సు వస్తేనే సొమ్ము. రాని రోజుకు లేదు. గల్లీ చివర ఒక రిజిస్టరు పెడదాం. బస్సు వచ్చిందని ఎక్కేవాళ్ళే సంతకం చేస్తారు. సంతకం రానివాళ్ళు వేలిముద్ర వేస్తారు," అంది అమ్మ. నా చేతిలోంచి నోటుబుక్కు తెప్పించి అధ్యక్షుడి బల్ల మీద పెట్టింది. ఆయన చాలాసేపు పేజీలు తిరగేశాడు.

ఆర్నెల్లు ప్రయత్నించి చూద్దామని తీర్మానం చేశారు. ఆయా నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. గాజులు గుచ్చుకున్నా నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

బస్సు మళ్ళీ వచ్చిన మొదటి పొద్దున గల్లీ అంతా లేచి నిలబడింది. ఎవరో బస్సు ముందు కొబ్బరికాయ కొట్టారు. అమ్మ కళ్ళు మూసుకుని తన ప్రార్థన తను చేసుకుంది. నాన్న మాత్రం గడియారం చూసి, "రెండు నిమిషాలు లేటు," అన్నారు, కానీ నవ్వుతూ అన్నారు.

మూడో నెలలో ఒక చిక్కొచ్చింది. ఇంజిను చెడిపోయి బస్సు నాలుగు రోజులు రాలేదు. యజమాని స్వయంగా మా ఇంటికొచ్చాడు.

"బహన్‌జీ, రిజిస్టర్లో ఆ నాలుగు రోజులు ఖాళీగా ఉంటే నిగమ్‌లో మీ శత్రువులకు సందు దొరుకుతుంది. స్కీము ఎత్తేస్తారు. మీరు బస్సెక్కే ఆడవాళ్ళకు చెప్పి ముద్రలు వేయించండి. నా కోసం కాదు, మీ బస్సు కోసమే చెబుతున్నాను."

ఆయన మాటలో నిజముంది, అదే కష్టం. అమ్మ ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. మర్నాడు పొద్దున బస్సు దగ్గరకెళ్ళి ఆడవాళ్ళందరి ముందూ ఉన్నదున్నట్టు చెప్పింది. "ముద్రలు వేస్తే బస్సు నిలవొచ్చు. వెయ్యకపోతే పోవచ్చు. మీరేమంటారు?"

కొత్తిమీర ముసలామె, "ఆ నాలుగు రోజులూ నేను నడిచాను. నా కాళ్ళకు తెలుసు. బస్సొచ్చిందని ఎలా చెప్పను?" అంది. అంతే, విషయం తేలిపోయింది.

నాలుగు రోజులూ ఖాళీగానే రిజిస్టరు నిగమ్‌కు వెళ్ళింది. యజమాని కోపంతో రెండు రోజులు ముఖం చాటేశాడు కానీ బస్సు ఆపలేదు. ఆ తర్వాత జరిగింది మేమెవరమూ ఊహించలేదు. రాని రోజుల్ని రాలేదని చూపించిన ఆ ఖాళీల వల్లే మిగతా ముద్రలన్నీ నిజమని అధికారులు నమ్మారు. ఆర్నెల్ల తర్వాత ఒక్కరు కూడా అడ్డు చెప్పలేదు. వచ్చే ఏడాది బడ్జెట్‌లో మా బస్సుకు వేరే పద్దే పెట్టారు. జిలేబీల పెద్దాయన ఒక ఆదివారం మేం చర్చి నుంచి వచ్చేసరికి మా గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. ఆయన వార్డు ఊరికి ఆ చివర, అభన్‌పూర్ వెళ్ళే రోడ్డు వైపు. "బహన్‌జీ, మా వైపు ఆడపిల్లలు కూడా కాలేజీకి నడుస్తున్నారు. ఆ కాగితం ఎలా రాయాలో చెప్పండి," అన్నాడు. అమ్మ ఆయనకు ముందు భోజనం పెట్టింది.

పనిపోయిన ఆయాకు అమ్మే మాట్లాడి వేరే ఆసుపత్రిలో పని ఇప్పించింది. ఆమె పెద్దకూతురు ఆ ఆరింటి బస్సులోనే వెళ్ళి నర్సింగ్ ట్రైనింగ్ పూర్తి చేసింది.

అమ్మ ఒక్కసారే పార్షద్‌గా చేసింది. తర్వాతి ఎన్నికలకు వార్డు కేటాయింపు మళ్ళీ మారింది. ఆమె రెండోసారి నిలబడనంది. "నేనొచ్చిన పని అయింది," అని మళ్ళీ గల్లీలో బీపీలు చూసే పనిలో పడింది. అప్పటికి నాకు ఊళ్ళో స్కూల్లో సివిక్స్ టీచరుగా ఉద్యోగమొచ్చింది. స్థానిక సంస్థల విధులు అనే పాఠం చెప్పేటప్పుడు పుస్తకంలో నీటి సరఫరా, పారిశుధ్యం, వీధి దీపాలు అని వరసగా ఉండేవి. నేను అవన్నీ చదివించి, కింద ఒక గీత గీసి, బస్సు అని నా చేత్తో రాసేదాన్ని. పుస్తకంలో లేదు కదా మేడమ్ అని పిల్లలు అడిగేవాళ్ళు. లేదు, మా ఊళ్ళో ఉంది అని చెప్పి, అది ఎలా వచ్చిందో ఆ పీరియడ్ అంతా చెప్పేదాన్ని. ఎవరు తెచ్చారు మేడమ్ అని అడిగితే మాత్రం, మా అమ్మ అనడానికి నేనెప్పుడూ మొహమాటపడలేదు.